రికాబులు లేని యుద్ధం

జూన్ 3

ఈ రోజు నుంచి డైరీ. పెళ్లయిన కొత్తలో ఒకసారి మొదలుపెట్టి పదకొండో రోజున ఆపేశాను. ఈసారి కారణం ఉంది. సినిమావాళ్లు నన్ను చారిత్రక సలహాదారుడిగా పెట్టుకున్నారు. రేపెప్పుడైనా ఎవరైనా "ఈ తప్పు మీదే" అంటే, ఏ రోజు ఏం చెప్పానో రాతపూర్వకంగా ఉండాలి. నేను చూసుకోవడానికే. ఎవరికీ చూపించడానికి కాదు.

ఇరవై ఆరేళ్లుగా కాలేజీలో ప్రాచీన చరిత్ర చెబుతున్నాను. నిద్రపోవడానికి వెనక బెంచీలవాళ్లు నా క్లాసునే ఎంచుకుంటారని నాకు తెలుసు. అలాంటిది ఇవాళ దర్శకుడు స్వయంగా మా స్టాఫ్ రూముకి వచ్చి, కాలు ఊగే కుర్చీలోనే సర్దుకు కూర్చుని, "ప్రొఫెసర్ గారూ, యుద్ధం ఎలా జరిగిందో అచ్చం అలాగే తీస్తాను. నాకు నిజం కావాలి" అన్నాడు. నేను ప్రొఫెసర్ని కాను, లెక్చరర్ని. సరిదిద్దుదామనుకునేలోపు మాట వేరే వైపు వెళ్లిపోయింది.

సినిమా మన రాజు గురించి. రెండు వేల ఏళ్ల కిందట కొండమీది కోటని ముట్టడించి గెలిచిన రాజు. చిన్నప్పుడు ఆయన బొమ్మ నోటుపుస్తకం అట్ట మీద లేని పిల్లవాడు లేడు.

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. "మంచిదేగా. మీ మాట వినేవాళ్లు దొరికారు" అంది. మెచ్చుకుందో ఏమిటో.

జూన్ 9

స్క్రిప్టులో అరవై మూడు తప్పులు. నంబర్లు వేసి పట్టుకెళ్లాను. దర్శకుడితో పాటు ఫైట్ మాస్టర్ కూడా ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. ఏ సినిమాలో పోయిందో అడగలేదు.

"మొదటిది," అన్నాను, "హీరో ఒక్కడే రెండు వందల మందిని చంపడం. అది జరిగే పని కాదు. చెయ్యి పడిపోతుంది. ఆ కాలపు కత్తి ఎముకకి తగిలితే వంగిపోయేది. కాలికింద వేసి తొక్కి తిన్నగా చేసుకునేవాళ్లు."

దర్శకుడు శ్రద్ధగా రాసుకున్నాడు. "కత్తి వంగడం బావుంది. హీరో కాలికింద వేసి తొక్కుతాడు. స్లో మోషన్."

"మరి రెండు వందల మంది?"

"నూట యాభై చేద్దాం."

ఈ రోజు యాభై మంది ప్రాణాలు కాపాడాను.

పదిహేడో తప్పు రికాబులు. రౌతు కాళ్లు పెట్టుకోవడానికి జీనుకి రెండు పక్కలా వేలాడే ఇనుప కడియాలు ఆ కాలంలో లేవు. తొడలతోనే గుర్రాన్ని బిగించి పట్టుకుని కూర్చునేవాళ్లు. ఈ మాట వినగానే ఫైట్ మాస్టర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సార్, రికాబు లేకుండా ఈటె విసిరితే ఈటెతో పాటు మనిషీ పోతాడు."

"వాళ్లు విసిరారు కదండీ?"

"వాళ్లు పుట్టింది గుర్రం మీద సార్. మావాళ్లు పుట్టింది ఆసుపత్రిలో."

దర్శకుడు నవ్వి "చూద్దాం" అన్నాడు. సినిమావాళ్ల 'చూద్దాం' అంటే వద్దని అర్థమట. బయటికొచ్చాక ఫైట్ మాస్టరే చెప్పాడు, చాలా ప్రశాంతంగా.

జూన్ 14

సైనికుల బట్టలకి ఊదారంగు మానేశారు. నా మాట మీదే.

జూన్ 20

శత్రు సేనాపతి కడుపులో ఈటె దిగుతుంది. దిగాక ఒకటిన్నర పేజీ మాట్లాడి చనిపోతాడు. ఆ సీను ఇంట్లో పైకి చదువుతుంటే మా ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది.

"కడుపులో దిగితే అంత మాట్లాడరు" అంది. "నీళ్లడుగుతారు. ఇవ్వకూడదు. అయినా అడుగుతూనే ఉంటారు. మొన్న ఒకాయన మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా స్కూటరు తాళం ఎక్కడ పడిపోయిందోననే అడిగాడు. ఇంకేం అనలేదు."

ఆ మాట దర్శకుడికి చేరవేశాను. కళ్లు మూసుకుని ఆలోచించి, "నీళ్లు బావుంది" అన్నాడు. ఇప్పుడు కొత్త సీనులో హీరో తన శిరస్త్రాణంలో నీళ్లు తెచ్చి చావబోతున్న శత్రువుకి తాగిస్తాడు. ఒక్క దెబ్బతో హీరోకి కరుణ కూడా వచ్చింది. సలహా అంటే ఇలా ఉపయోగపడాలి.

మా ఆవిడకి చెబితే "ఇవ్వకూడదని చెప్పానుగా" అంది.

జూన్ 27

ఇవాళ భోజనాల దగ్గర గుంట సంగతి చెప్పాను. చెప్పాలనుకోలేదు. దర్శకుడు ఇంకెవరితోనో మాట్లాడుతూ నా వైపు చూడటం మానేశాడు. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

కోట కింద ఆ గుంట తవ్వింది మా మేడమ్. నాకు పాఠం చెప్పిన మనిషి. మూడు వేసవులు తవ్వారు. అప్పుడు నేను ఆవిడ విద్యార్థిని, తట్టలు మోశాను. నలభై ఒక్క అస్థిపంజరాలు. ఆరుగురు పిల్లలు. అందరి మణికట్లూ నడుము వెనక ఒకచోటే ఉన్నాయి, అంటే చేతులు కట్టేశారు. దెబ్బలన్నీ పుర్రె వెనక భాగంలోనే. యుద్ధంలో చచ్చినవాళ్లు కాదు. కోట లొంగిపోయాక చంపినవాళ్లు. చేసింది ఎవరో వెతకాల్సిన పని కూడా లేదు. మన రాజే తన శాసనంలో, కొండరాతి మీద, గొప్పగా చెక్కించుకున్నాడు. మేడమ్ రిపోర్టు మూడు వందల కాపీలు అచ్చయింది. అందులో చాలావరకు ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి.

దర్శకుడు చెయ్యి కడుక్కోవడం మర్చిపోయాడు. కళ్లలో నీళ్లు. "ఇది పెట్టాలి. ఇది పెట్టకపోతే నేను సినిమా తియ్యడమే దండగ" అన్నాడు.

మొట్టమొదటిసారి ఒక దర్శకుడు మన రాజుని ఉన్నదున్నట్టు చూపించబోతున్నాడు. నా వల్ల.

జూలై 8

కొత్త పేజీలు వచ్చాయి. గుంట సీను ఉంది. నలభై ఒక్క మంది. చేతులు వెనక్కి. దెబ్బ వెనక నుంచి. ఆరుగురు పిల్లలు. అంతా ఉంది.

చంపేది మాత్రం శత్రువులు. చచ్చేది మనవాళ్లు. అది చూసి మన రాజు కోటమీదికి దండెత్తుతాడు.

చిన్న మార్పు.

జూలై 9

వెళ్లాను. గట్టిగానే అడిగాను. దాదాపు గట్టిగా.

"అది మన రాజు చేసిన పని. ఆయనే చెప్పుకున్నాడు."

"తెలుసు ప్రొఫెసర్ గారూ, మీరే కదా చెప్పారు. కానీ టికెట్టు కొనుక్కున్నవాడు మూడు గంటలు ఎవరి పక్కన కూర్చోవాలి? చంపినవాడి పక్కనా?"

"నిజం కావాలన్నారు మీరు."

"నిజమే తీస్తున్నాను! నలభై ఒకటంటే నలభై ఒకటే. నలభై రెండు తియ్యమన్నా తియ్యను. చేతులు వెనక్కే. ఎవరు అన్నదొక్కటే కొంచెం అటూ ఇటూ అయింది." నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ మనసు నొచ్చుకుంటే నాకు బావుండదు. మీ లిస్టులో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనదేదో చెప్పండి. అది చేసి పెడతాను. మాటంటే మాటే."

గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో నాకు తెలుసు. అది లిస్టులో లేదు.

"రికాబులు" అన్నాను.

"తీసేద్దాం" అన్నాడు. ఫైట్ మాస్టర్ లేచి బయటికి వెళ్లిపోయాడు.

వస్తుంటే కళాదర్శకుడు ఆపి, చేతులు కట్టే తాడు ఎంత లావుండాలని అడిగాడు. చెప్పాను. ఎవరైనా అడిగితే నేను చెప్పకుండా ఉండలేను.

జూలై 10

రికాబులు చిన్న విషయమని ఎవరనగలరు? రికాబు వచ్చాక యుద్ధం చేసే తీరే మారిపోయిందని లావుపాటి పుస్తకాలు రాశారు.

జూలై 22

షూటింగు చూడటానికి పిలిచారు. పెద్ద మైదానం, ఒక చివర చెక్కతో కట్టిన కోట గోడ, దాని వెనక టీ గ్లాసుల గుట్ట. అరవై గుర్రాలు. ఒక్కదానికీ రికాబు లేదు. చూస్తే కడుపు నిండినట్టయింది. రెండు వేల ఏళ్ల తర్వాత ఆ దృశ్యాన్ని చూస్తున్న మొదటివాణ్ణి నేనే అనుకున్నాను.

ముందు వరసలో ఒక రౌతు. అందరూ అతన్ని గాలిపటం అంటున్నారు. ఎంత ఎత్తు నుంచి పడమన్నా పడతాడట. నా దగ్గరికి వచ్చి, "రికాబులు తీయించింది మీరేనా సార్?" అన్నాడు.

"నేనే."

"మా మాస్టారు మిమ్మల్ని తిట్టని తిట్టు లేదు. నాకైతే బావుంది సార్, కొత్తగా ఉంది. తొడలు మాత్రం మండిపోతున్నాయి."

హీరో గుర్రం ఎక్కాడు. పట్టుబట్ట జీను మీంచి మోకాలి కింద దాకా వేలాడుతోంది. గాలికి ఒక కొస లేచింది. లోపల రికాబులున్నాయి. కళాదర్శకుడి వైపు చూశాను. "హీరో గారివి కనపడవు లెండి" అన్నాడు.

మూడో టేకులో గాలిపటం ఈటె విసిరాడు. ఈటెతో పాటు అతనూ వెళ్లాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది అని రాయబోయాను. అబద్ధం. ఏ చప్పుడూ వినపడలేదు. అరవై గుర్రాలు పరిగెడుతుంటే ఏం వినపడుతుంది? వెనక గుర్రం ఒకటి అతని మీంచి దూకింది. రెండోది దూకలేదు.

ఫైట్ మాస్టర్ అరుస్తూ పరిగెత్తాడు. కట్ అన్న మాట ఆ తర్వాత వచ్చింది.

జూలై 23

నేను రికాబులు తీయమన్నాను. పడమనలేదు.

ఫైట్ మాస్టర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే తీసేవాళ్లు కాదు.

పైగా ఆ కాలంలో నిజంగానే లేవు.

జూలై 26

వాళ్లు అతన్ని తీసుకెళ్లి చేర్చింది మా ఆవిడ వార్డులోనే. మూడు రోజులుగా ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇవాళ పొద్దున్న ఆవిడే అంది.

"మూడో మంచం. తుంటి ఎముక. రాడ్డు వెయ్యాలి. వచ్చి చూడండి."

"నన్ను చూస్తే బాధపడతాడేమో."

"మీరు పడతారు. రండి."

వెళ్లాను. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నన్ను చూసి లేవబోయాడు. లేవడం అలవాటైన మనిషి కదా. నేను మంచం మీదున్న చార్టు చదివాను, అందులో ఏమీ అర్థం కాలేదు.

"సార్, ఒక్క మాట అడగనా?" అన్నాడు. "ఆ కాలంలో కూడా ఇలాగే పడేవాళ్లా?"

"అవును," అన్నాను. "ఇలాగే పడేవాళ్లు."

"అయితే కరెక్టుగానే పడ్డానన్నమాట." మొహం వెలిగింది. "డైరెక్టర్ గారు ఫోన్ చేశారు సార్. ఆ షాటు ఉంచేస్తారంట. మా అమ్మాయిలకి చెప్పేశాను."

బయట వరండాలో మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "మళ్లీ గుర్రం ఎక్కలేడు. అతనికింకా తెలీదు" అంది.

"ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను. మాకు సలహాదారులుండరు."

ఆగస్టు 4

మేడమ్ ఫోన్ చేశారు. ఎత్తలేదు.

ఆగస్టు 6

మేడమ్ మళ్లీ ఫోన్. క్లాసులో ఉన్నానని మెసేజ్ పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, ఇవాళ ఆదివారం.

నవంబరు 18

మూడు నెలలుగా ఏమీ రాయలేదు. రాయడానికేమీ లేదు.

ట్రైలర్ వచ్చింది. చివర్లో 'ప్రముఖ చరిత్రకారుల పర్యవేక్షణలో' అని పడింది. ఉన్నది నేనొక్కణ్ణే. ప్రిన్సిపాల్ నన్ను తన గదికి పిలిచి టీ ఇప్పించాడు. వెనక బెంచీలు మేలుకున్నాయి. ఒకమ్మాయి లేచి, "సార్, ఆ పిల్లల్ని చంపింది నిజంగా జరిగిందా?" అని అడిగింది.

"జరిగింది" అన్నాను. అడిగినదానికి నిజమే చెప్పాను.

జనవరి 12

సినిమా విడుదల. పొద్దుటాటకి నలుగురం వెళ్లాం. మా ఆవిడ, చేతికర్రతో గాలిపటం, మేడమ్. నేను ఫోన్ ఎత్తడం లేదని మేడమ్ మా ఆవిడకి ఫోన్ చేశారట. డెబ్భై ఆరేళ్ల మనిషి. చేతిసంచీతో హాలు మెట్ల దగ్గర నా కన్నా ముందే వచ్చి నిలబడి ఉన్నారు. "బాగున్నావా?" అన్నారు. అంతే.

బాగా తీశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. గుంట సీను వచ్చేసరికి హాల్లో ముక్కులు చీదుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ తర్వాత మన రాజు ఒక గంటసేపు పగ తీర్చుకున్నాడు. ప్రతి దెబ్బకీ ఈలలు. రక్తం ఫౌంటెన్‌లా చిమ్మింది. మా ఆవిడ "అంత ఉండదు మనిషిలో" అని గొణిగింది.

గాలిపటం పడే షాటు ఒకటిన్నర క్షణం. "అదుగో, నేనే!" అన్నాడు గట్టిగా. ముందు వరసలోవాళ్లు ఉష్ అన్నారు.

మా ఆవిడ నా చెవిలో, "మూడు గంటల్లో నిజంగా జరిగింది ఇదొక్కటే" అంది.

బయటికొచ్చాక మేడమ్‌ని ఆటో దాకా దిగబెట్టాను. ఆవిడ మాట్లాడతారని ఎదురుచూశాను.

"ఎముకలన్నీ సరిగ్గా ఉన్నాయి," అన్నారు చివరికి. "తాడు లావు కూడా సరిగ్గా ఉంది. బాగా చెప్పావు వాళ్లకి."

ఆవిడ సంచీ అందుకోబోయాను, ఇవ్వలేదు.

"ఆరో నంబరు గుర్తుందా నీకు?"

గుర్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్ల. పాలపళ్లు ఇంకా అన్నీ ఊడలేదు.

"మూడు రోజులు బ్రష్ పట్టుకుని ఆ దవడ దగ్గరే కూర్చున్నావు. పళ్లు రాలిపోతాయని ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. కళ్లలో దుమ్ము పడిందన్నావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లాడు పనికొస్తాడని." ఆటో ఎక్కి సంచీ ఒళ్లో పెట్టుకున్నారు. "ఇవాళ తెరమీద రాజు అందర్నీ నరుకుతుంటే నువ్వు కూడా చప్పట్లు కొట్టావు."

ఇంటికొచ్చాక మా ఆవిడని అడిగాను, నేను కొట్టానా అని.

"కొట్టారు" అంది.

జనవరి 13

నాకు గుర్తు లేదు.

ఫిబ్రవరి 6

సినిమా చూసినవాళ్లు గుంట దగ్గరికి వస్తున్నారట. బస్సులేసుకుని మరీ. పురాతన కట్టడాల అధికారి ఫోన్ చేశాడు. అక్కడ బోర్డు పెట్టాలి, నాలుగు వాక్యాలు రాసివ్వాలి. "సినిమాకి మీరే కదండీ సలహాదారు. మీకన్నా అధికారికంగా ఎవరు చెప్పగలరు?"

ఒప్పుకున్నాను. నాలుగు వాక్యాలే కదా.

ఫిబ్రవరి 9

మొదటిది: 'ఇక్కడ నలభై ఒక్క మంది వీరమరణం పొందారు.' చేతులు కట్టేసినవాళ్లకి అందులో వీరత్వం చూపించే అవకాశం ఏముంది? కొట్టేశాను.

రెండోది: 'ఇక్కడ నలభై ఒక్క మంది మరణించారు.' ఎవరూ కాదనలేరు. రెండు వేల ఏళ్ల కిందటివాళ్లు మరణించకుండా ఎలా ఉంటారు?

మూడోది: 'ఇక్కడ నలభై ఒక్క మంది చంపబడ్డారు.' ఇది కుదిరింది. హుందాగా ఉంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

మా ఆవిడ వెనక నుంచి చదివింది. "ఎవరి చేత?"

"బోర్డు మీద చోటు లేదు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని మాట్లాడిందంటే చిన్న విషయం కాదు.

"మా వార్డుకి చెయ్యి విరిగి ఒకావిడ వస్తుంది. ఎలా జరిగిందని కాగితం మీద ఒక గడి ఉంటుంది. తీసుకొచ్చినవాళ్లు 'విరిగింది' అని రాయమంటారు. విరగ్గొట్టినవాడు పక్కనే నిలబడి ఉంటాడు, పండ్లు కూడా తెస్తాడు. మొదట్లో నేనూ 'విరిగింది' అనే రాసేదాన్ని. ఆర్నెల్లకి అదే చెయ్యి మళ్లీ వచ్చింది. అప్పటి నుంచి ఎవరు అని అడిగి రాస్తున్నాను. వాళ్లకి కోపాలొస్తాయి. రానీ."

"ఇది రెండు వేల ఏళ్ల కిందటి సంగతి."

"అయితే ఇంకా భయమెందుకు మీకు?"

ఫిబ్రవరి 10

భయమని కాదు.

ఫిబ్రవరి 11

భయమే. వీధిలో ఆయన పోస్టర్లున్నాయి. సినిమా హాలు నుంచి జనం ఆయనకి జేజేలు పలుకుతూ బయటికొస్తున్నారు. మళ్లీ టీ ఇప్పించేది ఎవరు అన్న భయం కూడా ఉంది, అది కూడా రాసుకోవాలి. రికాబులు అడిగింది కూడా దానికే. నలుగురిలో ఏదో ఒకటి గెలిచి లేవాలి. గెలిచి లేచాను, ఒకడు పడ్డాడు.

ఫిబ్రవరి 15

మేడమ్ ఇంటికి వెళ్లాను. రెండో అంతస్తు, గోడల నిండా రిపోర్టు కట్టలు. కూర్చోమనలేదు, కట్టలు తీసి నేనే చోటు చేసుకున్నాను. చేసినదంతా చెప్పాను. ఏదీ తగ్గించలేదనుకుంటాను.

"ఇప్పుడు నిజం రాస్తే వాళ్లు ఒప్పుకోరు మేడమ్. నేను రాజుని అవమానించానంటారు."

"రాజు అవమానపడ్డాడా?" అన్నారావిడ. శాసనం నకలు తీసి నా ముందు పరిచారు. "చూడు, ఎంత లోతుగా చెక్కించాడో. ఎండకీ వానకీ చెరిగిపోకూడదని చెక్కించాడు. ఆయన దాచుకోలేదు. ఆయన తరఫున మీరంతా దాస్తున్నారు."

ఆ నకలు నేను వంద సార్లు చదివాను. ఇవాళే మొదటిసారి చదివినట్టుంది.

మార్చి 2

అధికారి గదిలో బల్ల మీద సినిమా రాజు బొమ్మ ఉంది, ఎత్తిన కత్తితో. నా కాగితం ఇస్తూ, "నా వాక్యాలేం లేవండీ. రాజుగారివే. ఆయన శాసనాన్ని నేటి భాషలో పెట్టాను" అన్నాను.

"రాజుగారి సొంత మాటలా! ఇంకేం కావాలి మనకి?" అని చదవడం మొదలుపెట్టాడు. కాగితంలో ఉన్నదిది:

'కోట తలుపులు తెరిచి శరణన్నవారి చేతులు వెనక్కి కట్టించాను. పెద్దలనీ పిల్లలనీ చూడక వెనక నుంచి కొట్టించి ఈ గుంటలో పడవేయించాను. నాకు ఎదురు నిలిచినవారికి ఇదే గతి. ఇది చేసినవాణ్ణి నేను.'

రెండోసారి చదివాడు. బొమ్మ వైపు చూశాడు. ఎవరికో ఫోన్ చేసి, లేచి నిలబడి మాట్లాడాడు. అవతలివాళ్లు ఏమన్నారో గానీ, "అదే కదండీ చిక్కు, రాజుగారి మాట తప్పని మనం ఎలా సంతకం పెడతాం?" అన్నాడు. ఫోన్ పెట్టేసి మొహం తుడుచుకున్నాడు.

"అనువాదం బాధ్యత మీదే. ఫైలు మీద సంతకం చెయ్యాలి."

పెన్ను తీసుకున్నాను. పెట్టిన సంతకం నా చెక్కుల మీది సంతకంలా లేదు, అయినా నాదే.

మార్చి 29

దర్శకుడి ఫోన్. బోర్డు సంగతి ఎవరో చేరవేశారు. కోపంగా ఏమీ లేడు, మర్యాద తెలిసిన మనిషి. "రెండో భాగానికి మీకు శ్రమ ఇవ్వడం లేదు ప్రొఫెసర్ గారూ."

"నేను ప్రొఫెసర్ని కాదండీ," అన్నాను. "లెక్చరర్ని."

"అవునా? మరి టైటిల్స్‌లో అలాగే వేశామే!" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

ప్రిన్సిపాల్ ఈ మధ్య నన్ను చూసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు.

ఏప్రిల్ 7

గాలిపటం ఇప్పుడు ఫైట్ మాస్టర్ దగ్గర కొత్త రౌతులకి పడటం నేర్పుతున్నాడు. కింద నిలబడి. రికాబు కట్టుందో లేదో మొదట తనే చేత్తో లాగి చూస్తాడట. నన్ను చూసినప్పుడల్లా నవ్వుతాడు. ఆ నవ్వు నాకు మందులా పనిచేస్తుందనుకుంటే నేను మళ్లీ అబద్ధం రాసినట్టే.

ఏప్రిల్ 12

బోర్డు పెట్టారు. మా ఆవిడా నేనూ చూడటానికి వెళ్లాం. గుంట చుట్టూ ఇనుప కంచె. జనం బాగానే ఉన్నారు. చాలామంది బోర్డు చదవరు, దానికి ఆనుకుని నీళ్లు తాగుతారు.

ఒక కుటుంబం వచ్చింది. భార్య, భర్త, ఆరేడేళ్ల పిల్ల. భర్త పిల్లని ఎత్తుకుని ఫొటోకి నిలబడ్డాడు. ఆవిడ ఫోన్ ఎత్తి, వెనకున్న బోర్డు కనపడి, పైకి చదవడం మొదలుపెట్టింది. 'కోట తలుపులు తెరిచి శరణన్నవారి…' సినిమా డైలాగు చదువుతున్నట్టు ఉత్సాహంగా చదివింది. పిల్లల మాట దగ్గర వేగం తగ్గింది. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఏవండీ, ఇది మన రాజు చెబుతున్నట్టుంది."

"ఛ, శత్రువులు కదే చంపింది. సినిమాలో చూళ్లేదూ? అచ్చుతప్పు అయ్యుంటుంది." ఆయన చుట్టూ చూశాడు. పెద్దమనిషిలా కనపడ్డానేమో, నన్నే అడిగాడు. "ఏమండీ, ఇది ఎవరు రాశారో తెలుసా?"

మా ఆవిడ నా వైపు చూడలేదు. గుంట వైపే చూస్తోంది.

"రాజు రాయించాడు," అన్నాను. "తెలుగు చేసింది నేను. అచ్చుతప్పు లేదు."

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. తర్వాత భార్య మొహం చూశాడు. పిల్లని ఎత్తుకుని కంచె వెంట కాస్త అవతలికి నడిచాడు. అక్కడ ఫొటో తీసుకున్నారు, బోర్డు పడకుండా. పిల్ల నవ్వింది. బస్సు హారన్ కొట్టింది. వాళ్లు బయల్దేరారు.

సగం దూరం వెళ్లాక ఆ పిల్ల తల్లి ఒక్కతే వెనక్కి వచ్చింది. బోర్డు ముందు నిలబడి మొదటి నుంచి మళ్లీ చదివింది. ఈసారి పైకి చదవలేదు.